నా ధ్యాస ఎవరిది?

2023 డిసెంబరు చివర్లో, పల్నాటి వీరారాధన ఉత్సవాలు ముగిసిన కొద్ది రోజులకు, కారెంపూడిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. నా ఎదురుగా డెబ్భై దాటిన ఒకామె చేటలో మినుములు చెరుగుతూ మాట్లాడుతోంది. పల్నాటి కథను ఇక్కడి ఆడవాళ్ళు ఎలా చెప్పుకుంటారో సేకరించడం నా పని. రికార్డు చెయ్యడానికి వేరే పరికరం లేదు, ఫోనునే మా ఇద్దరి మధ్య చాప మీద పెట్టాను. బ్రహ్మనాయుడి గురించి, బాలచంద్రుడి గురించి అందరికీ తెలిసిందే చెప్పి, ఆమె చెరగడం ఆపింది. గొంతు కొంచెం తగ్గించి, "నాగమ్మని అందరూ తిడతారు గానీ అమ్మాయ్, మా అమ్మ మాత్రం ఒక మాట అనేది..." అంది.

అప్పుడు ఫోను టింగుమంది. తెర వెలిగింది. నేను చూశాను. రెండు సెకన్లు, అంతే. ఉత్సవాల్లో తీసి పెట్టిన ఫొటో కింద ఎవరో పువ్వుల బొమ్మ పెట్టారు. తల ఎత్తేసరికి ఆమె మళ్ళీ చేట అందుకుంది.

"ఎవురో పిలుస్తున్నట్టుంది, సూసుకో."

"ఎవరూ కాదు అమ్మమ్మా, మీరు చెప్పండి."

"ఏమో, ఏం జెప్పబోయానో! మర్సిపొయ్యా."

మర్చిపోలేదని నాకు తెలుసు. చెప్పదగిన మనిషి కాదని ఆ రెండు సెకన్లలో నన్ను తేల్చేసింది. తర్వాత మాట మిరపకోత కూలీల మీదకు, మోకాళ్ళ నొప్పుల మీదకు పోయింది. ఇంటికొచ్చి రికార్డు విన్నాను. ఆమె మాట, టింగుమన్న చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, తర్వాత "చెప్పండి చెప్పండి" అని కంగారుగా నా గొంతు. ఆ నిశ్శబ్దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఆ మాట పోవడం ఎందుకంత పెద్ద విషయమైందో చెప్పాలి. శ్రీనాథుడిదిగా చెప్పే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రచురించారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్, అలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, దాని ఆధారంగా 1982లో ఇంగ్లిషులో పుస్తకం తెచ్చారు. రెండూ లేకపోతే నా పరిశోధనే లేదు. కానీ రాసినవారూ, పాడినవారూ, పరిష్కరించినవారూ, రికార్డు చేసినవారూ మగవాళ్ళే. గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిత్వం చేసిన నాగమ్మ కథ మొత్తం మీద కుట్రదారుగా, కోడిపందెంతో అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టిన ఆడదిగా మిగిలింది. అటువంటి చోట ఒక తల్లి తన కూతురికి రహస్యంగా చెప్పిన "ఒక మాట" ఉంది. అది నా చేతిదాకా వచ్చి, పువ్వుల బొమ్మ కోసం వెనక్కి పోయింది.

మన భాషలో దీనికి మంచి మాటే ఉంది, పరధ్యానం. కానీ ఆ మాటను మనం ఎవరి మీద వాడతామో చూడండి. పాలు పొంగిపోతే, కూరలో ఉప్పు రెండుసార్లు పడితే, "నీ ధ్యాసెక్కడుంది?" అన్న ప్రశ్న ఆడవాళ్ళకే ఎదురవుతుంది. మగవాడు ఆలోచనలో మునిగి స్నానం నీళ్ళు చల్లారబెట్టుకుంటే అది పరధ్యానం కాదు, మేధావితనం. ఆడదాని ధ్యాస ఇంటి సొత్తు. అది పొయ్యి మీదా, పిల్లల మీదా, గుమ్మంలో చెప్పుల చప్పుడు మీదా ఉండాలి. తన పుస్తకం మీద ఉంటే అది దారితప్పిన ధ్యాస.

కాబట్టి ఫోను వచ్చి మన ఏకాగ్రతను చెడగొట్టిందని ఎవరైనా బాధపడుతుంటే నాకు కొంచెం నవ్వొస్తుంది. మనకు ఎప్పుడుందని? 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశవ్యాప్తంగా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, ఆ పని చేసే పురుషులు పెట్టింది 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో మనకు దక్కింది పది నిమిషాలు. పైగా ఈ నిమిషాలు ఒకచోట కుదురుగా ఉండవు, రోజంతా ముక్కలు ముక్కలుగా పరచుకుని ఉంటాయి. వర్జీనియా వూల్ఫ్ 1929లో ఆడవాళ్ళు రాయాలంటే సొంత గది కావాలంది. గది దొరికిన కొద్దిమందిమి ఇప్పుడు ఆ గదిలోకి ఊరందరినీ వెంటబెట్టుకుని వెళ్తున్నాం, జేబులో.

ఇది మన బలహీనత మాత్రమే అనుకోవడం పొరపాటు. కిందికి తోసినకొద్దీ అడుగు తగలకుండా పేజీ వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ తయారుచేశాడు. తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపం చెప్పుకున్నాడు. ఫేస్‌బుక్‌లో 'లైక్' బొత్తాం 2009లో వచ్చింది. వాట్సాప్‌లో చదివినట్టు తెలిపే నీలిగీతలు 2014 నవంబరులో వచ్చాయి. వాటిని తర్వాత ఆపుకునే వీలిచ్చారు కానీ గ్రూపుల్లో ఆ వీలు లేదు. అక్కడ మీరు చదివారో లేదో, చదివి ఊరుకున్నారో, పంపినవాళ్ళు చూడగలరు. ఈ చిన్న ఏర్పాటు కోడళ్ళ మీద ఏ బరువు పెట్టిందో, దాన్ని తయారుచేసినవాళ్ళు ఊహించి ఉండరు.

మా కుటుంబం గ్రూపులో నలభైమందికి పైగా ఉన్నాం. పుట్టినరోజులకు, పెళ్ళిరోజులకు, పరీక్ష పాసైనవాళ్ళకు, ఆపరేషనైన పెద్దనాన్నకు పలకరింపులు పెట్టేది ఎవరని ఒక నెలరోజుల సందేశాలు వెనక్కి వెళ్ళి చూశాను. దాదాపు అన్నీ ఆడవాళ్ళవే. మగవాళ్ళు రాజకీయాలూ, రోడ్డు ప్రమాదాల వీడియోలూ పంపుతారు. మా అన్నయ్య ఆ గ్రూపును ఎప్పుడో మూయించేశాడు, అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. నేను ఒక్కసారి మా అత్త షష్టిపూర్తి ఫొటోలకు రెండు రోజులు స్పందించకపోతే, "చదువుకున్నదిగా, మనం ఆనతామా" అన్న మాట మా అమ్మ దాకా వచ్చింది. తప్పు నాది, సంజాయిషీ చెప్పుకున్నది అమ్మ.

మానవశాస్త్రవేత్త మైకేలా డి లియొనార్డో 1987లో ఒక వ్యాసంలో ఈ పనికి ఒక పేరు పెట్టింది. పండుగకు కార్డు రాయడం, ఫోన్లు చెయ్యడం, ఎవరి పిల్లకు ఏం ఇష్టమో గుర్తుపెట్టుకోవడం, వీటన్నిటినీ కలిపి బంధుత్వపు చాకిరీ అనవచ్చునంది. ఇది తీరికవేళ కబుర్లు కాదు, శ్రమ. దీన్ని ఆడవాళ్ళు చేస్తారు, ఫలితం కుటుంబాలు అనుభవిస్తాయి. ఇది చదివాక నాకు అర్థమైందేమిటంటే, మనం 'ఫోను చూసుకుంటున్నాం' అనుకునే సమయంలో చాలా భాగం నిజానికి పనే. అంట్లు తోమడం మానేసి ఎవరూ ధ్యానానికి కూర్చోమని చెప్పరు కదా. మరి ఈ అంట్లు ఎవరు తోముతారని అడగకుండా 'ఫోను పక్కన పెట్టండి' అని చెప్పే సలహాలో ఒక మోసం ఉంది.

అయితే నా ఫోనంతా చాకిరీయేనని చెబితే అది ఇంకో మోసం. 2024 మే నెల నాకు ఆ సంగతి చెప్పింది. మే 13న పోలింగు. ఆ రోజూ ఆ తర్వాతా మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో జరిగిన గొడవలు దేశమంతా చూసింది. 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. నరసరావుపేటలో మా ఇంట్లో తలుపులు వేసుకుని నేను ఆ వారమంతా ఫోను చూస్తూ కూర్చున్నాను. ప్రతి అయిదు నిమిషాలకూ ఏదో ఒకటి. ఏ ఊళ్ళో ఎవరిని కొట్టారు, ఏ బండి తగలబెట్టారు, అది నిజమా, ఏడాది కిందటి వీడియోనా. మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగు కేంద్రంలో అప్పటి శాసనసభ్యుడు ఓటింగు యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం ఆ నెల 21న గానీ బయటికి రాలేదు. అక్కడి కెమెరాలో 13నే రికార్డయింది. అంటే ఆ ఎనిమిది రోజులూ నేను నిమిష నిమిషానికీ తాజా వార్త చూస్తున్నాననుకున్నాను, కానీ అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం నాకు కనిపించనేలేదు. వెంటవెంటనే తెలియడం వేరు, తెలియడం వేరు.

ఆ వారంలో ఒక రాత్రి మా అమ్మ వచ్చి, "ఆ ఫోనులో ఏం జరుగుతుందో తర్వాత చూద్దువు గానీ, పెరటి గడియ పెట్టావా?" అంది. పెట్టలేదు. పక్కవాటాలో ఒంటరిగా ఉన్న టీచరమ్మను మన ఇంట్లో పడుకోమని పిలిచింది కూడా అమ్మే. నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను జిల్లా అంతటి గురించీ ఆందోళన పడుతున్నాను మరి.

జూన్ మొదటి వారంలో అన్నీ ఆపేశాను. నోటిఫికేషన్లు తీసేశాను. అన్ని గ్రూపుల నోళ్ళూ శాశ్వతంగా మూయించాను (వాట్సాప్‌లో ఈ 'శాశ్వతంగా' అన్న సౌకర్యం 2020 అక్టోబరులో గానీ రాలేదు, అప్పటిదాకా ఏడాదే గరిష్ఠ గడువు). రాత్రి తొమ్మిది తర్వాత డేటా కట్టేసేదాన్ని. మూడు వారాల్లో, ఏడాదిగా కదలని అధ్యాయం పూర్తయింది. వాక్యం మొదలుపెడితే చివరిదాకా అందులోనే ఉండగలిగే సుఖం ఎన్నాళ్ళకో దొరికింది. ఆ సుఖాన్ని తక్కువ చేసి చెప్పను. మనకు దాని హక్కుంది.

ఆ మూడు వారాల్లోనే ఒక సందేశం వచ్చి ఉంది. అప్పుడు నేనొక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. మూడో సంవత్సరం పూర్తిచేసిన ఒక పిల్ల రాత్రి పదకొండు దాటాక, తన అన్న ఫోను నుంచి పంపింది. పైచదువు దరఖాస్తుకు మర్నాడే ఆఖరి రోజట. నాన్న వద్దంటున్నాడు, మేడమ్, మీరు ఒక్కసారి మాట్లాడితే ఒప్పుకుంటాడు అని. తెల్లారేసరికి అన్నకు కనపడకుండా తన వైపు చెరిపేసుకుని ఉంటుంది. నేను చూసింది రెండు రోజుల తర్వాత. ఆ నంబరుకు ఫోను చేస్తే అన్న ఎత్తాడు. "ఏం మేడమ్, ఏమన్నా పనా?" అన్నాడు. ఆ పిల్ల పేరు చెప్పాలో వద్దో కూడా తెలియక, మార్కుల జాబితా గురించి ఏదో అబద్ధమాడాను.

నేను మాట్లాడితే ఆ తండ్రి ఒప్పుకునేవాడా? ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న వెనక దాక్కోవడం నాకు చేతకావడం లేదు. ఒక ముసలామె దగ్గర ఫోను చూసి తప్పు చేశాను. ఒక పిల్ల దగ్గర చూడక తప్పు చేశాను. ఈ రెండిటికీ కలిపి సరిపోయే నియమం ఏమిటి?

ఆ పిల్ల రాత్రి పదకొండింటికే ఎందుకు రాసింది? ఆ ఇంట్లో ఫోను ఆ వేళకు గానీ ఖాళీ అవదు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తర్వాత ఈ సంఖ్యలు పెరిగే ఉంటాయి. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఆడపిల్ల చేతిలో ఉండటం వేరు. 2019 జులైలో గుజరాత్‌లోని బనస్కాంఠా జిల్లాలో ఠాకోర్ కులపెద్దలు కొన్ని గ్రామాలకు కలిపి, పెళ్ళికాని ఆడపిల్లలు సెల్‌ఫోను వాడకూడదని తీర్మానం చేశారు. చదువు చెడుతుందని వాళ్ళు చెప్పిన కారణం. మన ఊళ్ళలో తీర్మానాలు అక్కర్లేదు, నాన్నలూ అన్నలూ చాలు. వాళ్ళు వాడేదీ ఇవే మాటలు: ఏకాగ్రత, చదువు, కాలం వృథా. నేను నా కోసం ఎంచుకున్న నిగ్రహమూ, ఆ పిల్ల మీద రుద్దిన నిషేధమూ పైకి ఒకే భాష మాట్లాడతాయి. అందుకే ఫోను తగ్గించుకోవడం గురించి ఆడవాళ్ళం మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మన మాటను ఎవరు ఎత్తుకుపోయి ఎవరి మీద ప్రయోగిస్తారో చూసుకోవాలి.

సిమోన్ వేల్ అనే ఫ్రెంచి తాత్వికురాలు శ్రద్ధను సంకల్పబలంగా కాక, ఇతరులకిచ్చే దానంగా చూసింది. బాధలో ఉన్న మనిషిని నీకేమవుతోంది అని అడిగి, జవాబు వినేంతసేపు నిలబడగలగడమే ఆమె దృష్టిలో శ్రద్ధ. ఇది చదివినప్పుడు నాలోని స్త్రీవాది ముందు ఎదురుతిరిగింది. ఇవ్వడం, ఇంకా ఇవ్వడం, అదేగా మనకు తరతరాలుగా నేర్పింది! కానీ ఆలోచించినకొద్దీ నాకు మరోటి తోచింది. ఇచ్చేది దానం కావాలంటే అది ముందు నాదై ఉండాలి. గుంజుకున్నది దానం కాదు. పువ్వుల బొమ్మకు నేను ఇచ్చిన రెండు సెకన్లు నేను ఇచ్చినవి కావు, ఎవరో వ్యాపారం కోసం గుంజుకున్నవి. మా అత్త ఫొటోలకు పెట్టే దణ్ణాలూ చాలావరకు భయంతో కట్టే పన్నే. అలా పోగా మిగిలినదాంట్లోంచి ఆ ముసలామెకూ, ఆ పిల్లకూ ఇవ్వవలసి వచ్చింది. అప్పటికి నా దగ్గరేమీ లేదు.

కాబట్టి ఎంతసేపు ఫోను చూడాలన్నది అసలు ప్రశ్న కాదేమో. నేను చూడకపోతే నష్టపోయేది ఎవరు, చూస్తే నష్టపోయేది ఎవరు అన్నది ప్రశ్న. వార్తల గ్రూపును నేను రెండు రోజులు చూడకపోతే ఎవరికీ ఏమీ కాదు. మా అత్తకు కొంచెం కోపం వస్తుంది, భరించవచ్చు. తనది కాని ఫోను నుంచి రాత్రిపూట రాసే మనిషికి మాత్రం రెండో అవకాశం లేదు. నేను జూన్‌లో చేసిన తప్పు తలుపు వెయ్యడం కాదు. ఎవరికి ఆ తలుపు తప్ప మరోటి లేదో చూసుకోకుండా, అందరికీ కలిపి వేసెయ్యడం.

బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ 1928 నుంచి 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' రాసింది. శారద అనే ఆమె తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాల రూపంలో, ఆ కాలపు స్త్రీల సమస్యలన్నీ అందులోకి వచ్చాయి. నా విద్యార్థులతో వాటిని చదివించినప్పుడు ఒకమ్మాయి అడిగింది, "జవాబు వచ్చేదాకా ఆమె ఏం చేసేది మేడమ్?" అని. అందరం నవ్వాం. మంచి ప్రశ్న అది. ఉత్తరం రాసినామెకు, జవాబు ఆలస్యమైతే తనను వదిలేశారని అనుమానం రాదు. ఆలస్యం ఉత్తరంలో భాగమే. మనం పోగొట్టుకున్నది ఆ నమ్మకం. ఆ కాలం తిరిగి రావాలని నేను కోరుకోను. అప్పట్లో ఆ పిల్లకు ఉత్తరం వెయ్యడానికి కాణీ కూడా ఉండేది కాదు. కానీ కొందరి మధ్యనైనా ఆలస్యాన్ని మళ్ళీ మర్యాదగా చేసుకోవచ్చు.

ఇప్పుడు నా ఏర్పాట్లు ఇవి. గ్రూపులన్నీ నోరు మూసుకుని ఉంటాయి. వాటిని మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి చూస్తాను. మామూలు ఫోను మాత్రం రాత్రంతా మోగుతుంది. విద్యార్థినులకు మొదటి రోజే చెబుతాను, నాకు సందేశం పెట్టి ఊరుకోకండి, మిస్డ్ కాల్ ఇవ్వండి, ఏ వేళైనా, నేను తిరిగి చేస్తాను, ఎవరు ఎత్తినా పుస్తకం గురించే అడుగుతాను అని. కుటుంబం గ్రూపులో పుట్టినరోజు పలకరింపులు ఏడాదిపాటు మా అన్నయ్య చూడాలని పంచాయితీ పెట్టాను. మొదటి నెలలో ఇద్దరి పుట్టినరోజులు మర్చిపోయాడు. "మగాడు, పనుల్లో ఉంటాడు" అని అందరూ ఊరుకున్నారు. అయినా ఆ పని వెనక్కి తీసుకోలేదు. మానుకోలేకపోయినవీ ఉన్నాయి. ఎన్నికల మాట వినపడితే ఇప్పటికీ నా చెయ్యి ఫోను మీదకే పోతుంది. రికార్డు చెయ్యడానికి మాత్రం ఒక చిన్న యంత్రం కొనుక్కున్నాను. అది రికార్డు తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

ఆ యంత్రంతో కిందటేడు మళ్ళీ కారెంపూడి వెళ్ళాను. ఆమె గుర్తుపట్టింది. ఫోను సంచిలో పెట్టేసి కూర్చున్నాను. రెండు గంటలు మాట్లాడింది. నాగులేరు గురించి, తన పెళ్ళి గురించి, బిడ్డను పోగొట్టుకున్న సంవత్సరం గురించి చెప్పింది. నాగమ్మ గురించి వాళ్ళమ్మ ఏమనేదని నేనే అడిగాను. కాసేపు నా మొహంలోకి చూసి, "ఏమో అమ్మాయ్, ఆ రోజు నోటికొచ్చింది. ఇప్పుడు రావట్లా" అంది. ఈసారి నిజంగానే మర్చిపోయిందో, ఇంకా చెప్పదలుచుకోలేదో నాకు తెలియలేదు. మళ్ళీ అడగలేదు.

లేవబోతుంటే, "నీ ఫోనేదీ?" అంది. తీశాను. కొంగు సర్దుకుని, మినుముల చేట పక్కకు నెట్టి, నిటారుగా కూర్చుంది. "ఒక ఫొటో తీసి మా మనవరాలికి పంపు. హైదరాబాదులో నర్సు పని చేస్తది. ఇప్పుడే పంపు, సూసిందో లేదో నాకు జెప్పి పో."

పంపాను. గీతలు నీలంగా మారేదాకా ఇద్దరం అరుగు మీదే కూర్చున్నాం.